విటమిన్ డి గ్రాఫ్ వంకర ఎలా సరైంది: నా అనుభవం

తార్నాక రూమ్‌లో మూడు రాత్రులు దీనికే పోయినయ్. విటమిన్ డి బాగా తక్కువున్నోళ్లకి అది పెరిగితే మరణాలు తగ్గుతాయా అని మెండీలియన్ రాండమైజేషన్‌తో (పుట్టుకతో వచ్చే జీన్స్ తేడాలని వాడి ఏది దేనికి కారణమో తేల్చే పద్ధతి) చూస్తున్నా, ఎఫెక్ట్ సరళరేఖలా ఉండదు కదా అని రెసిడ్యువల్ మెథడ్‌తో, అంటే విటమిన్ డిలోంచి జీన్స్ వంతు తీసేసి మిగిలినదాని ప్రకారం, జనాన్ని పది గుంపులు చేసిన, అన్నిటికన్నా తక్కువున్న గుంపులో ఎఫెక్ట్ జోరుగా వచ్చింది, నేనైతే ఖుషీ.

ఇరానీ చాయ్ తాగుతూ మా సీనియర్ అక్క "మరణాలు తీసేసి వయసు పెట్టి చూడు రా" అంది. పెడితే జీన్స్ వయసుని కూడా మారుస్తున్నాయంట! మనిషి వయసుని జీన్స్ మారుస్తయా, జోకా? అంటే మెథడ్‌లోనే తప్పుందన్నట్టు.

అసలు లొల్లి ఏందంటే, జీన్ ప్రభావం అందరిలో ఒకేలా ఉంటదని ఆ మెథడ్ అనుకుంటది, విటమిన్ డికి అట్ల కాదు. 2021లో లాన్సెట్ వాళ్ల డయాబెటిస్ జర్నల్‌లో వచ్చిన పేపర్‌దీ ఇదే కథ, తర్వాత వెనక్కి తీసుకుని సరిచేసి మళ్లీ వేసిన్రు.

నేను డబ్లీ ర్యాంక్డ్ అనే ఇంకో మెథడ్‌కి మారిన: ముందు జీన్ స్కోర్ (జీన్స్‌ని బట్టి విటమిన్ డి ఎంత ఉండొచ్చో చెప్పే అంకె) వరుసలో పదేసి మందిని తీసి, ప్రతి పదిలో విటమిన్ డి ప్రకారం ర్యాంక్ ఇచ్చి, ఒకే ర్యాంకోళ్లని ఒక గుంపు చేయాలి. వయసు ఎఫెక్ట్ దాదాపు పోయింది, నా జోరు రిజల్ట్ కూడా పోయింది. ఈ మెథడూ అన్నిసార్లూ సేఫ్ కాదు, అందుకే వయసు, సెక్స్ చెక్ ఇప్పుడు స్క్రిప్ట్‌లోనే పెట్టేసిన.