‘టేక్ ఆఫ్’కి ఏ అర్థమో చటుక్కున పట్టుకోవాలంటే

ఇంగ్లిష్ పేపర్లో ‘టేక్ ఆఫ్’ ఒక్కో వాక్యంలో ఒక్కో అర్థంతో తగులుతుంది. ఆ అర్థాలన్నీ బట్టీ పట్టక్కర్లేదు. ముందు ‘దేన్ని?’ అని అడగండి.

జవాబు లేకపోతే కర్తను చూడండి. విమానమైతే గాల్లోకి లేచింది. వ్యాపారమైతే ఊపందుకుంది. మనిషైతే చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాడు.

జవాబు దొరికితే ఆ మాటే దారి చూపిస్తుంది. షూస్, కోటు, కళ్లజోడు అయితే విప్పడం, తీసేయడం. రెండు రోజులు, వారం లాంటివైతే సెలవు పెట్టడం. బిల్లులో వంద రూపాయలైతే తగ్గించడం.

నోట్‌బుక్‌లో అర్థం ఒక్కటే రాయకండి, ‘టేక్ ఆఫ్ యువర్ షూస్’, ‘టేక్ టూ డేస్ ఆఫ్’ అని ముక్క మొత్తం రాసుకోండి. సెలవు రోజులు ఎక్కువగా ‘టేక్’కీ ‘ఆఫ్’కీ మధ్యలోనే వస్తాయని అప్పుడే కంటికి ఆనుతుంది. రాసేటప్పుడు తప్పులు దొర్లేది అసలు ఇక్కడే.

‘టేక్ ఇట్ ఆఫ్’ అని ఉంటే మాత్రం ఈ ప్రశ్న ఒక్కటే చాలదు, ఆ ‘ఇట్’ ఏమిటో ముందు వాక్యంలో వెతకాలి. ‘దేన్ని’కి బదులు ‘ఎవర్ని’ అని వస్తే ఇంకా జాగ్రత్త: వెనకే జట్టో జాబితానో ఉంటే తప్పించడం, లేదంటే బ్రిటిష్ రాతల్లో ఆ మనిషిని అనుకరించి నవ్వించడం కావచ్చు.