బడి తెరిచేలోగా ఇల్లు సర్దుకుందాం – 3: సంచి పడే చోటే కొక్కెం

ఈసారి పొద్దుటి హడావిడి గురించి చెబుదామనుకున్నాను. కానీ పోయిన పాఠం చదివి అలమరలు ఖాళీ చేసినవాళ్లు చాలామంది ఇంకా ఆ కుప్పల మధ్యే తిరుగుతున్నారు. తప్పు నాదే. ‘ఉంచేవి, ఇచ్చేసేవి, చూద్దాం’ అని మూడు కుప్పలు వేయమన్నాను. ఆ మూడోది చెప్పకుండా ఉండాల్సింది. ఒంటి సాక్సు, మూత పోయిన బాటిల్, సగం రాసిన నోటుబుక్కులు, నిరుటి ప్రోగ్రెస్ కార్డు, అన్నీ అందులోకే వెళ్లి కూర్చున్నాయి.

ముందు దాన్ని తేల్చేద్దాం. ఒక్కో వస్తువూ చేతిలోకి తీసుకుని ఒకటే అడగండి: బడి తెరిచిన మొదటి వారంలో ఇది కావాలా? కావాలంటే ఉంచండి. అక్కర్లేకపోతే తీసేయండి. మినహాయింపులు రెండే. ప్రోగ్రెస్ కార్డులాంటి కాగితాలు ఒక ఫైలులోకి వెళ్తాయి, వాటి సంగతి వచ్చే పాఠంలో. సగం రాసిన నోటుబుక్కుల్ని చిత్తుపనికి వాడుకోవచ్చు. రాసిన పేజీలు మాత్రం చింపొద్దు. మధ్యలో కుట్టిన పుస్తకంలో ముందు కాగితం చింపితే వెనక దాని జత కాగితం కూడా ఊడొస్తుంది. పుస్తకం తిరగేసి వెనకవైపు నుంచి మొదలుపెట్టించండి, సరిపోతుంది.

బట్టలు, బూట్లు తొడిగించి చూడమని వేరే చెప్పక్కర్లేదు. బూట్లు మాత్రం సాయంత్రం పూట చూడండి. పగలంతా తిరిగాక పాదాలు కాస్త ఉబ్బుతాయి. రెండు పాదాలూ ఒకే కొలత ఉండవు కాబట్టి పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోండి.

ఇక నాకు ఒళ్లుమండే విషయం. సంచికి చోటు.

ప్రతి ఇంట్లోనూ జరిగేది ఇదే. పెద్దవాళ్లు అందంగా ఉంటుందని పిల్లల గదిలో, తలుపు వెనక, తమ కంటికి సమానమైన ఎత్తులో కొక్కెం కొడతారు. పిల్లాడు బడి నుంచి వచ్చి గుమ్మం దాటగానే రెండో అడుగులో సంచి నేలకేసి కొడతాడు. ‘ఎన్నిసార్లు చెప్పాలిరా’ అని ఏడాదంతా అరుస్తూనే ఉంటారు. వాడి తప్పేముంది? సంచి ఎక్కడ పడాలో వాడి భుజం ఎప్పుడో తేల్చేసింది. నిరుడు ఎక్కడ పడిందో గుర్తు తెచ్చుకోండి. నేల మీద, గోడ మీద గీతలు కూడా ఉండే ఉంటాయి. కొక్కెం కొట్టాల్సింది అక్కడే. చుట్టాలొస్తే బాగుండదంటారా? నేలమీద పడున్న సంచి ఇంకా బాగుండదు.

ఎత్తు సంగతి. పిల్లాణ్ణి గోడకి ఆనించి నిలబెట్టి భుజం దగ్గర పెన్సిలుతో గీత పెట్టండి. కొక్కెం ఆ గీత మీదుండాలి, అంతకన్నా పైన వద్దు. పుస్తకాలతో నిండిన సంచిని తల మీదికి ఎత్తి తగిలించే ఓపిక ఏ పిల్లలకీ ఉండదు. ఇద్దరు పిల్లలుంటే రెండు గీతలు, రెండు కొక్కేలు. అంటించే కొక్కేలు వద్దు. నేనూ పెట్టాను. మూడోరోజు అర్ధరాత్రి దభీమని చప్పుడైతే దొంగలనుకుని ఇంటిల్లిపాదీ లేచాం. చూస్తే సంచితోపాటు అరచేయంత సున్నం పెచ్చు కూడా ఊడొచ్చింది. గోడకి చిల్లు పెట్టి మరకొక్కెం బిగించండి. దాని కిందే బూట్లు, పక్కనే ఐడీ కార్డు. వాటర్ బాటిల్ మాత్రం వంటింట్లోనే. అది కడగాలి కదా.

నిద్ర గురించి క్లుప్తంగా. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. ఆరింటికి లేవాలంటే రాత్రి తొమ్మిదికల్లా నిద్రపోవాలి. సెలవుల్లో పదకొండుకి పడుకుంటుంటే రెండు గంటలు వెనక్కి జరపాలి. రెండు రోజులకి పావుగంట చొప్పున జరిపితే 16 రోజులు పడుతుంది. క్యాలెండర్లో వెనక్కి లెక్కపెట్టి మొదటి రోజుకి సున్నా చుట్టండి. పడుకునే వేళతోపాటు లేచే వేళనీ జరపాలి. పొద్దున్న తొమ్మిదిదాకా పడుకోనిచ్చి రాత్రి తొమ్మిదికి నిద్ర రావట్లేదంటే ఎలా వస్తుంది?

అభ్యాసం: ఇది కష్టంగానే ఉంటుంది. బడి తెరవడానికి వారం ముందు ఒకరోజు మొత్తం రిహార్సల్ చేయండి. లేవడం దగ్గర్నుంచి యూనిఫాం, బూట్లు, నిండు సంచితో గేటుదాకా వెళ్లడం వరకూ అన్నీ ఉండాలి. షరతు మీకే. మీరు నోరు విప్పకూడదు. చీటీ, పెన్ను పట్టుకుని ఒక మూల కూర్చోండి. ‘అమ్మా, నా బెల్టేది?’ అంటే జవాబు చెప్పకుండా ‘బెల్టు’ అని రాసుకోండి. వాళ్లు వెతుక్కుంటారు, విసుక్కుంటారు, కూర్చునే ఉండండి. మొదటిసారి మా ఇంట్లో పదకొండు రాశాను, అందులో నాలుగు మా ఆయనవే.

చీటీలో ఎక్కిన ప్రతి వస్తువుకీ ఇంట్లో ఇంకా చోటు కుదరలేదన్నమాట. మర్నాడు చోట్లు పెట్టి మళ్లీ చేయండి. రెండో చీటీలో మూడు దాటితే మూడోసారి కూడా. ఆ చీటీలు పారేయకండి, వచ్చే పాఠానికి కావాలి.