కాన్పు అయిపోయినా భయం పోకపోతే ఏం చేయాలి

పాప పుట్టిన ఆరు వారాలకి కూడా మైక్రోవేవ్ బీప్‌మంటే నా చేతులు చల్లబడిపోయేవి. కాన్పయ్యాక రక్తం ఆగకుండా పోతున్నప్పుడు తల పక్కన మానిటర్ అచ్చం అలాగే మోగింది. "తల్లీబిడ్డా క్షేమం, ఇంకేం కావాలి?" అనేవాళ్లు అందరూ. నిజమే. నేను మాత్రం ఇంకా ఆ కాన్పు బల్ల మీదే ఉన్నాను.

దీన్ని పీటీఎస్‌డీ అంటారు, అంటే భయంకరమైన ఘటన అయిపోయినా మనసు మళ్లీ మళ్లీ దాన్నే అనుభవించే జబ్బు. ప్రసవం తర్వాత నూటికి ముగ్గురు నలుగురిలో కనిపిస్తుంది, ప్రాణం మీదికి వచ్చిన కాన్పుల్లో ఇంకా ఎక్కువ. కడుపుతో ఉన్నప్పుడు కూడా రావచ్చు. ఎప్పుడో జరిగిన గర్భస్రావమో, లైంగిక హింసో ఒక్క లోపలి పరీక్షతో మళ్లీ పైకి లేస్తుంది.

నా విషయంలో ఆలస్యం ఎక్కడ జరిగిందో చెప్తాను. చెకప్‌లో పది ప్రశ్నల కాగితం ఇచ్చారు. అది 1987 నుంచి వాడుతున్న ఎడిన్‌బరో స్కేలు, డిప్రెషన్ కోసం తయారైనది. జరిగింది మళ్లీ కళ్ల ముందుకొస్తోందా అన్న ప్రశ్న అందులో లేదు. అందులో మార్కులు తక్కువైతే డిప్రెషన్ లేదని లెక్క. నాకు తక్కువే వచ్చాయి, బాగానే ఉన్నావని పంపేశారు. కాబట్టి వాళ్లు అడగకపోయినా మీరే చెప్పండి. వారం రోజులు ఫోన్‌లో రాసుకోండి: ఏది చూసి, ఏది విని మొదలైంది, ఎంతసేపుంది, దేన్ని తప్పించుకున్నారు, పాప పడుకున్నా మీకు నిద్ర పట్టిందా. ఇవి నెల దాటినా తగ్గకపోతే ఆ రాతే డాక్టర్ చేతికివ్వండి. మీకో బిడ్డకో హాని చేయాలనిపిస్తే, లేనివి కనిపించి వినిపిస్తుంటే నెల లెక్కలు వద్దు, ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లాలి.

భయం ముంచుకొచ్చినప్పుడు ముందు పాపను ఉయ్యాల్లో పడుకోబెట్టండి. పాదాలు నేలకి గట్టిగా ఆనించి, చన్నీళ్లలో చేతులు పెట్టి, పైకే అనండి. నేను అనే మాట ఇది: "ఇవాళ్టికి పాపకి నలభై మూడు రోజులు. నేను వంటింట్లో ఉన్నాను. మోగింది మైక్రోవేవ్." ఆ రోజుల లెక్క నాకు బాగా పనికొచ్చింది. బల్ల మీద ఉన్నప్పుడు పాపకి ఒక్క రోజు కూడా నిండలేదు కదా.

మైక్రోవేవ్ ప్లగ్ పీకేయడం మాత్రం నా తెలివితక్కువ పని. రెండు రోజులు హాయిగా ఉంది. మూడో రోజు లిఫ్ట్ బీప్‌కి మెట్ల మీద కూర్చుండిపోయాను. తప్పించుకునే కొద్దీ భయం కొత్త చోట్లు వెతుక్కుంటుంది.

అసలు వైద్యం ట్రామా మీద చేసే సీబీటీ (ఆ ఘటన చుట్టూ అల్లుకున్న ఆలోచనల్నీ, తప్పించుకునే అలవాట్లనీ థెరపిస్ట్‌తో మాట్లాడుతూ మార్చుకునే చికిత్స), లేదా కళ్ల కదలికలతో చేసే ఈఎండీఆర్. నేను రెండోది తీసుకున్నాను. ఆ దృశ్యాన్ని మనసులో ఉంచుకుని థెరపిస్ట్ వేలు అటూ ఇటూ కదిలిస్తుంటే కళ్లతో వెంబడించాలి. వింటే నవ్వొస్తుంది, నాకూ వచ్చింది. మందులు అవసరమైతే పాలిస్తున్నారని చెప్పండి. సెర్ట్రలిన్ లాంటివి పాలలోకి చాలా తక్కువగా వెళ్తాయి. కాన్పవగానే ఎవరో కూర్చోబెట్టి "జరిగిందంతా కక్కేయ్" అంటే ఒప్పుకోకండి, అలాంటి ఒక్క సిట్టింగ్ వల్ల మేలు జరగదు.

కాస్త కుదుటపడ్డాక ఆసుపత్రి ఫైలు అడిగి, తెలిసిన డాక్టర్‌తో కూర్చుని చదవండి. గంటసేపు నన్ను వదిలేశారనే అనుకున్నాను. ఫైలులో చూస్తే పద్దెనిమిది నిమిషాలు, అందులో నలుగురి సంతకాలు.

భర్తనీ ఓసారి అడగండి. తలుపు బయట నిలబడ్డవాళ్లకీ ఇది వస్తుంది.

మళ్లీ గర్భం వస్తే మొదటి విజిట్‌లోనే చెప్పి ఫైలు పైన రాయించండి: ముట్టుకునే ముందు చెప్పాలి, ఆపమంటే ఆపాలి. నేను ఇంకొకటి చేర్పించాను, మానిటర్ సౌండ్ తగ్గించమని. నర్సు ఒక బటన్ రెండుసార్లు నొక్కింది, అంతే.