ఒకినావాలో తైఫూన్ల కాలం: వెళ్లేవాళ్లకూ, అక్కడే ఉండేవాళ్లకూ

మన కోస్తాలో తుఫాను హెచ్చరిక వస్తే తీరంలో ఉన్నవాళ్లను ఎగువ ఊళ్లకు తరలిస్తారు. ఒకినావా ఉన్న ర్యుక్యూ దీవుల్లో, అంటే జపాన్‌లోని క్యూషూ నుంచి తైవాన్ దిక్కుగా వెయ్యి కిలోమీటర్లకు పైగా పరుచుకున్న దీవుల్లో, ఆ వీలు లేదు. అటు తూర్పు చైనా సముద్రం, ఇటు పసిఫిక్. ముందే విమానమెక్కి దీవి వదిలిపోవాలి, లేదంటే తలుపులు బిగించుకుని లోపలే ఉండాలి. ఆ నిర్ణయం రెండు రోజుల ముందే తీసుకోండి. గాలి మొదలయ్యాక విమానాలు, బస్సులు, ఒకినావా ముఖ్య నగరం నాహాలో మోనోరైలు అన్నీ ఆగిపోతాయి.

తైఫూన్లు, అంటే అక్కడి తుఫాన్లు, ఎక్కువగా వచ్చేది జులై నుంచి సెప్టెంబరు వరకు. జపాన్ వాతావరణ సంస్థ వాటిని ఆ ఏడాది వరుస నంబరుతో పిలుస్తుంది. గాలి వేగం సెకనుకు మీటర్లలో చెబుతుంది. 40 అని వింటే చిన్న అంకెలా అనిపిస్తుంది గానీ, 3.6తో గుణిస్తే గంటకు 144 కిలోమీటర్లు. మ్యాపులో ముందుకు పోయేకొద్దీ పెద్దదయ్యే వలయాన్ని చూసి తుఫాను పెరుగుతోందనుకోకండి. తుఫాను కేంద్రం ఆ వలయంలో ఎక్కడో ఉండే అవకాశం 70 శాతం అని దాని అర్థం. వలయం పెద్దదైతే అంచనా అంత గట్టిగా లేదన్నమాట.

2023 ఆగస్టులో 6వ నంబరు తైఫూను ఒకినావాను దాటి వెళ్లి, మళ్లీ వెనక్కి తిరిగింది. ఆ దెబ్బకు దాదాపు మూడో వంతు ఇళ్లకు కరెంటు పోయింది. అందుకే సరుకులు కనీసం మూడు రోజులకు, వీలైతే ఐదు రోజులకు తెచ్చుకోండి. దుకాణాల్లోకి సరుకులు చాలావరకు ఓడల్లోనే వస్తాయి కాబట్టి ఓడలు ఆగగానే అరలు ఖాళీ అవుతాయి. కరెంటు పోతే రైస్ కుక్కరూ పనిచేయదు. చిన్న గ్యాస్ డబ్బాతో వెలిగే స్టవ్ ఒకటి, అటుకులు, వేరుశెనగలు, పచ్చడి, కొంచెం నగదు దగ్గరుంచుకోండి. స్నానాల తొట్టె నిండా నీళ్లు పట్టిపెట్టండి.

కాంక్రీటు ఇల్లు కదా అని నిశ్చింతగా ఉండకండి. గోడకు ఏమీ కాదు, నీళ్లొచ్చేది బాల్కనీ తలుపు కింది పట్టాల సందుల్లోంచి. గాలి తోస్తుంటే అక్కడ నీళ్లు బుడబుడమని పొంగి గదిలోకి వస్తాయి. పాత తువ్వాళ్లు ముందే చుట్టి అక్కడ కుక్కండి. బాల్కనీలో నీళ్లు పోయే కన్నంలో ఆకులుంటే తీసేయండి, అది పూడితే బాల్కనీ తొట్టెలా నిండుతుంది. బట్టలారేసే కర్రలు, పూలకుండీలు, చెప్పులు లోపల పెట్టేయండి. వదిలేస్తే అవే ఎగిరి పక్కింటి అద్దాన్ని పగలగొడతాయి.

2003 సెప్టెంబరులో మియాకో దీవిలో గాలి సెకనుకు 74.1 మీటర్ల వేగాన్ని తాకింది. గాలిమరల స్తంభాలే కూలాయి. అలాంటి గాలిలో ఫొటో కోసం బయటికి అడుగు పెట్టడం ప్రాణంతో చెలగాటం. గాలి ఒక్కసారిగా ఆగినా నమ్మకండి. తుఫాను కన్ను మీ మీదుగా పోతున్నట్టే, కాసేపట్లో ఎదురు దిక్కు నుంచి మళ్లీ కొడుతుంది. హుద్‌హుద్ నాటి విశాఖవాసులకు ఇది వేరే చెప్పక్కర్లేదు. కొండవాలు కిందో, పల్లంలోనో ఇల్లుంటే అక్కడి ఐదు స్థాయిల హెచ్చరికల్లో నాలుగోది రాగానే, దారి ఇంకా బాగుండగానే, షెల్టరుకు వెళ్లిపోండి. ఐదో స్థాయి దాకా ఆగితే వెళ్లే దారి ఉండకపోవచ్చు.

ఇషిగాకి దీవి నుంచి పడవలో ఇరియోమోతే, హతెరుమా లాంటి చుట్టుపక్కల దీవులకు వెళ్లేవాళ్లకు ఇంకో మాట. తైఫూను ఎంతో దూరాన ఉన్నా అలలు ముందే పెరుగుతాయి, పడవలు రద్దవుతాయి. తిరుగు విమానానికి ముందు రోజే ఇషిగాకి చేరుకోండి. వాతావరణం వల్ల విమానం రద్దయితే టికెట్టు మారుస్తారు, హోటలు ఖర్చు మాత్రం సాధారణంగా మనదే.

తుఫాను పోయాక కారు, కిటికీలు మంచినీళ్లతో కడగండి, లేకపోతే ఉప్పు పట్టి తుప్పు తింటుంది. తెగిపడిన తీగల జోలికి పోకండి. రాలిన కొమ్మలు ఎత్తేటప్పుడు చేతులకు తొడుగులు, కాళ్లకు బూట్లు వేసుకోండి. ఒకినావా ప్రధాన దీవిలో హబు అనే విషసర్పం ఉంది. ఆకాశం తేటపడినా సముద్రం వెంటనే శాంతించదు. పగడపు దిబ్బల మధ్య సందుల్లోంచి నీళ్లు వేగంగా బయటికి లాగుతాయి, కాబట్టి ఒకట్రెండు రోజులు నీళ్లలో దిగకండి. వేసవిలో హబు జెల్లీఫిష్ కుడితే రుద్దకుండా వెనిగర్ ధారాళంగా పోసి ఆసుపత్రికి తీసుకెళ్లండి. సముద్రంలో ప్రమాదమైతే కోస్ట్‌గార్డు నంబరు 118, అంబులెన్సుకు 119.