వెన్నుపాము గాయంతో దూరప్రయాణం: బయల్దేరే ముందు, దారిలో, చేరాక

వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ల ప్రయాణాన్ని మెట్లూ ఇరుకు తలుపులూ చెడగొట్టేది తక్కువే. మెట్లొస్తే నలుగురూ చెయ్యి వేస్తారు. అసలు చిక్కు ఒంటి వేళలు తప్పినప్పుడు వస్తుంది. మూత్రం తీయాల్సిన గంట దాటిపోతుంది, పొద్దున మోషన్ అవకుండానే బయల్దేరతారు, నాలుగు గంటలు ఒకే భంగిమలో కూర్చుండిపోతారు. నొప్పి తెలియదు గనక ఆ తప్పు అప్పటికప్పుడు బయటపడదు. మర్నాడు జ్వరంగానో, మూడోనాడు పిరుదు మీద మచ్చగానో కనబడుతుంది.

కాబట్టి టికెట్ కొనేముందే ఒక కాగితం మీద మీ రోజును గంటలవారీగా రాసుకోండి. కాథెటర్ (మూత్రం తీసే సన్న గొట్టం) ఎన్నింటికి, మోషన్‌కి కూర్చునేది ఎన్నింటికి, ఏ మందు ఎప్పుడు. ఆ కాగితాన్ని పక్కన పెట్టుకుని ప్రయాణ సమయం ఎంచుకోండి. తెల్లవారుజామున బయల్దేరే టికెట్ చవగ్గా దొరికినా, మీ మోషన్ వేళ ఉదయం ఏడు గంటలైతే అది మీకు కుదిరే టికెట్ కాదు.

గది గురించి అడగాల్సినవి

"వీల్‌చైర్‌కి వీలుంటుందా?" అని అడిగితే అవతలివాళ్లు "ఉంటుందండీ" అనే అంటారు. వాళ్ల ఉద్దేశం మంచిదే, కానీ వాళ్లకు గుమ్మంలో మెట్టు లేకపోతే చాలనిపిస్తుంది. సెంటీమీటర్లలో అడగండి, టేపు పెట్టి కొలిచి ఫోటో పంపమనండి.

ముందు మీ కుర్చీ కొలుచుకోండి. సీటు వెడల్పు కాదు, చక్రం తిప్పడానికి చేత్తో పట్టుకునే రిమ్‌ల (బయటి వలయాల) మధ్య, ఒక రిమ్ బయటి అంచు నుంచి రెండో రిమ్ బయటి అంచు దాకా. 40 సెం.మీ. సీటున్న కుర్చీ రిమ్‌ల దగ్గర 60 సెం.మీ. దాకా ఉండొచ్చు. తలుపు పూర్తిగా తెరిచాక మిగిలే ఖాళీ కొలవాలి, ఎందుకంటే తలుపు చెక్క మందమే మూడు నాలుగు సెం.మీ. తినేస్తుంది. 80 సెం.మీ. ఉంటే నిశ్చింత. బాత్రూం తలుపు లోపలికి తెరుచుకునేదైతే, మీరు లోపలికి వెళ్లాక అది మూయలేకపోవచ్చు. అదీ అడగండి.

మంచం ఎత్తు పరుపుతో కలిపి కొలవాలి. మీ కుర్చీ సీటు కుషన్‌తో కలిపి 50 సెం.మీ. ఉంటే, మంచం దానికి అటూ ఇటూ ఐదు సెం.మీ. లోపల ఉండటం మేలు. పల్లంగా ఉన్న మంచం మీదికి దిగడం సులువే, పొద్దున మళ్లీ కుర్చీలోకి ఎక్కడమే కష్టం. లిఫ్టర్ (మనిషిని ఎత్తి దించే యంత్రం) వాడేవాళ్లయితే మంచం కింద దాని కాళ్లు దూరే ఖాళీ ఉందో లేదో తప్పకుండా చూడమనండి. పెట్టెలాగా నేలకు అంటుకుని ఉండే మంచాలు లిఫ్టర్‌కి పనికిరావు.

స్నానానికి ఇచ్చే ప్లాస్టిక్ స్టూలు మీద మెత్త లేకుండా కూర్చోవద్దు. తడి చర్మం, గట్టి అంచు, ఇరవై నిమిషాలు చాలు పుండు మొదలవడానికి. మడిచే షవర్ కుర్చీ మోసుకెళ్లడం కష్టమైతే కనీసం దాని మెత్తనైనా తీసుకెళ్లండి.

సంచి

ఐదు రోజుల ప్రయాణం, రోజుకు ఆరు కాథెటర్లు అనుకుంటే ముప్పై. దానికి సగం కలిపి నలభై ఐదు పెట్టుకోండి. కింద పడేవి, చెయ్యి తగిలి పాడయ్యేవి ప్రయాణంలోనే ఎక్కువ. మొత్తాన్ని రెండు సంచుల్లో పంచండి, రెండు రోజులకు సరిపడా ఎప్పుడూ చేతిసంచిలోనే ఉండాలి.

మందులు మాత్రం అన్నీ చేతిసంచిలోనే. ముఖ్యంగా బాక్లోఫెన్. కండరాల బిగుతు తగ్గడానికి వేసుకునే ఈ మాత్ర హఠాత్తుగా ఆగితే బిగుతు ఒక్కసారిగా పెరగడమే కాదు, మూర్ఛలు, తీవ్రమైన జ్వరం, భ్రమలు కూడా రావచ్చు. సామాను పోయినా మాత్రలు పోకూడదు. ఈ మందును వెన్నులోకి వదిలే బాక్లోఫెన్ పంపు ఒంట్లో అమర్చి ఉంటే, తిరిగొచ్చే లోపు దాన్ని నింపే తేదీ పడుతుందేమో చూసుకుని, పంపు కార్డు వెంట పెట్టుకోండి.

వీటితోపాటు: పొడుగు పిడి అద్దం, గ్లవ్స్, కాథెటర్‌కి రాసే జెల్లీ, నీళ్లు దిగని షీటు, రెండు జతల బట్టలు, మూతి కట్టగలిగే ప్లాస్టిక్ కవర్లు, చేతికి కట్టే బీపీ మిషన్. కుర్చీకి ట్యూబు ఒకటి, చిన్న పంపు, మీ బోల్టులకు సరిపోయే అలెన్ కీలు (ఆరు పలకల రెంచీలు). బయల్దేరే వారం ముందు చిన్న చక్రాల ఇరుసుకు చుట్టుకున్న జుట్టు, దారాలు తీసేయండి. చక్రం ఊగడానికి చాలాసార్లు అవే కారణం.

కూర్చున్నచోట చర్మం

కూర్చున్న ప్రతి 15 నుంచి 30 నిమిషాలకోసారి బరువు దించాలని అందరికీ తెలుసు. ఎంతసేపు దించాలన్న దగ్గరే చాలామంది పొరబడతారు. రెండు చేతులూ ఊని ఒక్కసారి లేచి కూలబడితే ఐదారు సెకన్లే అవుతుంది. నలిగిన చోటికి రక్తం తిరిగి రావడానికి దాదాపు రెండు నిమిషాలు కావాలి. పైగా అలా లేవడం భుజాలను అరగదీస్తుంది, ఆ భుజాలతోనే మీరు జీవితాంతం తిరగాలి. అందుకని ముందుకు వంగండి. బ్రేకులు వేసి, చిన్న చక్రాలు ముందుకు తిరిగి ఉండేలా చూసుకుని, ఛాతీని తొడల మీదికి దించి, మోచేతులు మోకాళ్ల మీద ఆనించి రెండు నిమిషాలు. ముందు సీటు అడ్డొస్తే ఒక పక్కకు ఒరిగి రెండో పిరుదు పూర్తిగా తేలేలా రెండు నిమిషాలు, తర్వాత అటుపక్క. ఫోన్‌లో అలారం పెట్టుకోండి. కబుర్లలో పడితే గంట ఇట్టే గడిచిపోతుంది.

కారైనా, రైలైనా, విమానమైనా మీ కుషన్ మీదే కూర్చోండి. కుషన్ వేశాక మీరు కొన్ని సెం.మీ. పైకి లేస్తారు కాబట్టి పాదాలు నేలకు అందవు, తొడల బరువంతా సీటు అంచు మీద పడుతుంది. పాదాల కింద చిన్న సంచి పెట్టి మోకాళ్లను సమానంగా తెచ్చుకోండి. జేబులో పర్సు, ఫోన్ తీసేయాలి. ప్యాంటు వెనక జేబు కుట్టు, బొత్తాం కూడా చర్మాన్ని తినేస్తాయి.

గాలి కుషన్ వాడేవాళ్లకు విమానంలో ఇంకో సంగతి. పైకి ఎగిరాక క్యాబిన్‌లో గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంతకు తగ్గుతుంది. కుషన్ లోపలి గాలి ఉబ్బి, కుషన్ బంతిలా గట్టిపడుతుంది, మీరు దానిలో దిగకుండా పైనే కూర్చుంటారు. విమానం నిలకడగా ఎగరడం మొదలయ్యాక కొంచెం గాలి వదలాలి. ఎంత వదలాలో చెయ్యే చెబుతుంది. ఒక పక్కకు ఒరిగి, అరచెయ్యి పైకి ఉండేలా కుషన్ కిందికి పోనివ్వండి, కూర్చునే ఎముక ఎక్కడ తగులుతుందో వెతకండి, నిటారుగా కూర్చోండి. ఎముకకూ మీ వేళ్లకూ మధ్య రెండు సెం.మీ. గాలి ఉండాలి. వేళ్లు అస్సలు ఆడకపోతే గాలి తక్కువ, ఎముకే దొరకకపోతే ఎక్కువ. అసలు ప్రమాదం దిగాక ఉంది. కిందికి వచ్చేసరికి లోపలి గాలి మళ్లీ కుంచించుకుపోతుంది, వదిలేసిన గాలి తిరిగి కొట్టకపోతే ఎముక నేరుగా సీటుకి తగులుతుంది. గాలి కొట్టే పంపు పై అరలో కాకుండా ఒళ్లో ఉండాలనేది ఇందుకే.

మూత్రం

ప్రయాణమని నీళ్లు మానేయడం అందరూ చేసే తప్పు. మూత్రం చిక్కబడుతుంది, ఇన్‌ఫెక్షన్‌కీ లోపలుండే కాథెటర్ మూసుకుపోవడానికీ దారి తీస్తుంది, మలమూ గట్టిపడుతుంది. ఎప్పటిలాగే గుక్క గుక్కగా తాగుతూ, వేళ తప్పకుండా తీయండి. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి, ఒక్కసారి వచ్చేది 500 మి.లీ. దాటకుండా. దాటుతోందంటే తాగింది ఎక్కువైందనో, తీయడం ఆలస్యమైందనో అర్థం. ఎక్కబోయే ముందు ఆఖరి నిమిషంలో ఒకసారి తీసుకోండి, అప్పుడు మీ నాలుగు గంటల లెక్క అక్కడి నుంచి మొదలవుతుంది.

విమానంలో టాయిలెట్‌కి వెళ్లలేని వాళ్లు ఆ ఒక్కరోజుకి (మగవాళ్లయితే) బయట తొడిగే కాండోమ్ కాథెటర్‌గానీ, లోపలే ఉండే కాథెటర్‌గానీ పెట్టుకుంటారు. మీ డాక్టర్‌ని అడిగి రెండు వారాల ముందే ఇంట్లో పెట్టి చూడండి. కారుతుందో, చర్మం ఎర్రబడుతుందో, బిగుతు పెరుగుతుందో ఇంట్లో తెలియాలి, గాల్లో కాదు. కాలికి కట్టే మూత్రపు సంచి ట్యూబు తొడ కింద నలగకూడదు, తొడ పక్కగా వెళ్లాలి.

చాలామందికి ఎవరూ చెప్పని విషయం ఇంకొకటుంది. రోజంతా కాళ్లు కిందికి వేలాడేసి కూర్చుంటే నీరు కాళ్లలో దిగుతుంది. రాత్రి పడుకోగానే ఆ నీరంతా పైకి వచ్చి మూత్రమవుతుంది. ప్రయాణం చేసిన రాత్రి పక్క తడవడానికి, తెల్లారేసరికి సంచి పొంగిపోవడానికి కారణం ఇదే. చేరగానే ఒక గంట కాళ్లెత్తి పడుకుని, నిద్రకు ముందు ఒకసారి, నడిరాత్రి ఒకసారి అదనంగా తీయండి. ఒక కాలు మాత్రమే వాచి వెచ్చగా ఉంటే అది ఈ వాపు కాదు, రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఆ కాలిని నొక్కకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మోషన్

వేళ మార్చక తప్పకపోతే రెండు వారాల ముందు నుంచి మార్చండి, ముందురోజు రాత్రి కాదు. ఏదైనా తిన్న లేక వేడిగా తాగిన 20, 30 నిమిషాలకు పేగు కదులుతుంది. ఎక్కడున్నా ఈ వరస తప్పించకండి. దారిలో అవకూడదని ఒక పూట ఎగ్గొట్టినా, కొత్త విరేచనాల మందు వేసుకున్నా, దారిలోనే అవుతుంది.

టీ6 పైన గాయమున్నవాళ్లకు

ఛాతీ ఆరో వెన్నుపూస దగ్గరా, అంతకు పైనా గాయమైనవాళ్లకు ఆటోనామిక్ డిస్‌రిఫ్లెక్సియా ప్రాణాంతకం కావచ్చు. గాయం కింద ఎక్కడో ఇబ్బంది ఉంటుంది, ఆ కబురు మెదడుకి చేరదు, బీపీ మాత్రం ఎగబాకుతుంది. తల పగిలేలా నొప్పి, మొహం ఎర్రబడటం, గాయం పైన చెమట, ముక్కు దిబ్బడ. మామూలుగా మీ పై బీపీ 90, 100 ఉంటే 130 కూడా మీకు ఎక్కువే. పక్కనున్నవాళ్లు ఇది గ్రహించరు, "130 నార్మలే కదా" అంటారు.

వెంటనే నిటారుగా కూర్చోవాలి, కాళ్లు కిందికి వేలాడేయాలి. పడుకోబెట్టనివ్వకండి. బెల్టు, మేజోళ్లు, నడుం పట్టీ, కాలి సంచి పట్టీ విప్పేయాలి. తర్వాత మూత్రం: కాథెటర్ మెలిక పడిందేమో, సంచి నిండిందేమో చూడాలి, కాథెటర్ లేకపోతే జెల్లీతో పెట్టి తీయాలి. లోపలుండే కాథెటర్ మూసుకుపోతే, ఒంటి వేడికి తెచ్చిన 10, 15 మి.లీ. సెలైన్ మెల్లగా పంపి చూడాలి, రాకపోతే మార్చాలి. ఆ తర్వాతే మలం. అక్కడ వేలు పెట్టడమే బీపీని ఇంకా పెంచుతుంది కాబట్టి తిమ్మిరెక్కించే లిడోకైన్ జెల్లీ రాసి కొన్ని నిమిషాలు ఆగాలి. చివరికి చర్మం, గోళ్లు, మడత పడిన బట్ట, బిగిసిన చెప్పు. ఈ మొత్తంలో రెండు నుంచి ఐదు నిమిషాలకోసారి బీపీ చూస్తుండాలి. పై బీపీ 150 దాటినా, కారణం దొరకకపోయినా అత్యవసర వైద్యం కావాలి. బీపీ దించే నైట్రేట్ మందు ఇచ్చేముందు సిల్డెనాఫిల్ (వయాగ్రా) లాంటిది ఈమధ్య వేసుకుని ఉంటే తప్పక చెప్పాలి, రెండూ కలిస్తే బీపీ పాతాళానికి పడిపోతుంది.

మీ గాయం స్థాయి, మామూలు బీపీ, పైన చెప్పిన వరస ఒక కార్డు మీద, వెళ్లేచోటి భాషలో కూడా రాయించి మెడలోనో పర్సులోనో పెట్టుకోండి. ఆ సమయంలో మీరు వివరించే స్థితిలో ఉండరు.

ఇదే స్థాయి గాయంతో గాయం కింద చెమట పట్టదు. ఎండలో ఒళ్లు చల్లబడే దారి లేదు. నీళ్లు చిమ్మే సీసా, మెడ మీద తడి తువ్వాలు, నీడ, ఇవే మీ చెమట. ఎండలో ఆగిన కారు సీటు, బెల్టు కొక్కెం చెయ్యి పెట్టి చూశాకే కూర్చోండి. వేడి కప్పు ఎప్పుడూ ఒళ్లో పెట్టుకోవద్దు.

విమానంలో కుర్చీ

మీరు నడవలేరని టికెట్ కొన్నప్పుడే విమాన సంస్థకు చెప్పండి, కనీసం 48 గంటల ముందు మళ్లీ ఫోన్ చేసి ధ్రువపరచుకోండి. విమాన సంస్థలు వాడే అక్షరాల్లో, అస్సలు నడవలేనివాళ్ల సంకేతం డబ్ల్యూసీహెచ్‌సీ. డబ్ల్యూసీహెచ్‌ఆర్ అని నమోదైతే మీరు మెట్లెక్కగలరని అర్థం, విమానం నడవలో పట్టే సన్నకుర్చీ, ఎత్తే మనుషులు సిద్ధంగా ఉండరు. నమోదైన అక్షరాలు ఏమిటో చదివి చెప్పమనండి.

విమానం తలుపు దాకా మీ కుర్చీలోనే వెళ్తానని అడగండి. అక్కడ కుషన్, పక్క రేకులు, పాదాల పలక, ఊడివచ్చేవన్నీ తీసి మీతో తీసుకెళ్లండి, ఊడి ఉన్నవే పోతాయి. కుర్చీని నాలుగు పక్కలా ఫోటో తీసి, ఎక్కడ పట్టుకుని ఎత్తాలో, ఎక్కడ పట్టుకోకూడదో రాసిన కాగితం దానికి కట్టండి. లిథియం బ్యాటరీ తీయగలిగేదైతే దాన్ని తీసి క్యాబిన్‌లోకే తేవాలి, 300 వాట్ అవర్లు మించకూడదు. వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే లెక్క వస్తుంది: 24 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లు అంటే 240. ఆ అంకె బ్యాటరీ మీద కనబడకపోతే తయారీదారు కాగితం వెంట ఉండాలి.

ఎత్తే ఇద్దరికీ ముందే మీరే చెప్పండి: "లాగకండి, పూర్తిగా ఎత్తండి, మూడు లెక్కపెట్టాక." ఈడిస్తే చర్మం పొర ఒకవైపు, లోపలి కండ ఒకవైపు జారి లోపలే చిరుగుతుంది. నడవ పక్క చేతిపలక చాలా సీట్లకు పైకి లేస్తుంది, దాని కొక్కెం అడుగున మడత బందు దగ్గర ఉంటుంది. అది లేపించాకే ఎత్తమనండి.

చేరిన రాత్రి

ఎంత అలసిపోయినా దీపం కింద అద్దం పెట్టి చూడండి: కూర్చునే ఎముకలు రెండూ, నడుం కింది త్రికం, తుంటి పక్కలు, మడమలు. చామనఛాయ, నల్లటి ఒంటి మీద ఎరుపు కనబడదు. ముదురు లేక ఊదారంగు మచ్చ, పక్కచోటు కంటే వెచ్చదనం, వేలికి తగిలే గట్టిదనం వెతకాలి. మచ్చ ఉంటే ఆ చోటు మీద బరువు పడకుండా పడుకుని అరగంట తర్వాత మళ్లీ చూడండి. పోతే మర్నాడు బరువు దించే వేళలు దగ్గర చేయండి. అరగంటకూ పోకపోతే, అది పూర్తిగా మాయమయ్యేదాకా ఆ పక్క మీద కూర్చోకూడదు, మర్నాటి కార్యక్రమం ఏదైనా సరే వాయిదా వేయండి.