పీహెచ్‌సీ డాక్టర్లకి అల్ట్రాసౌండ్ నేర్పుతున్నారా, ముందు నీరు చూడటం నేర్పండి

ఫిజిక్స్ స్లైడ్లతో మొదలుపెట్టకండి. ఒక్క ప్రశ్న చాలు, ఉండకూడని చోట నీరు ఉందా లేదా? వానాకాలంలో అయితే డెంగ్యూ కేసులతోనే నేర్పండి, ఎందుకంటే జ్వరం తగ్గే టైంలోనే, అంటే మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, ప్లాస్మా, అంటే రక్తంలోని నీటి భాగం, రక్తనాళాల నుంచి లీకై ఛాతీలో, పొట్టలో చేరుతుంది, అప్పుడు పేషెంట్‌ని ఇక్కడే ఉంచాలా జిల్లా ఆస్పత్రికి పంపాలా అని అర్ధరాత్రి ఒంటరిగా తేల్చుకోవాల్సింది ఆ మెడికల్ ఆఫీసరే.

మిషన్ ఆన్ చేసే ముందు చట్టం సంగతి చెప్పండి. కడుపులో బిడ్డ ఆడా మగా అని స్కాన్ చేసి చెప్పడాన్ని నిషేధించే 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, జేబులో పట్టే మిషన్ అయినా సరే, గర్భిణికి స్కాన్ చేస్తే ఆ వివరాలు రాసే ఫారం ఎఫ్ నింపాల్సిందే. ప్రాక్టీసుకి మాత్రం గర్భిణుల్ని అసలు పిలవకండి.

ఇక చేతిపని. కాన్వెక్స్ ప్రోబ్ (ఒంటికి ఆనించే, ముఖం వంపుగా ఉండే స్కాన్ పరికరం) తీసుకుని, దాని పక్కనుండే గుర్తు, అంటే మార్కర్, పేషెంట్ తల వైపు పెట్టి, కుడి పక్క చంక మధ్య నుంచి కిందికి గీత గీస్తే చివరి పక్కటెముకల దగ్గర ఎక్కడొస్తుందో అక్కడ ఆనించమనండి. లివర్, కిడ్నీ, డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య కండరపు పొర) మూడూ ఒకే స్క్రీన్‌లో రావాలి, అది రాకుండా ముందుకెళ్లొద్దు. లివర్‌కీ కిడ్నీకీ మధ్య నల్లటి చార కనపడితే పొట్టలో నీరు. తర్వాత ప్రోబ్ కాస్త పైకి జరపాలి, మామూలుగా డయాఫ్రమ్ దాటాక వెన్నెముక కనపడదు ఎందుకంటే ఊపిరితిత్తిలో గాలి అడ్డం, అదే ఛాతీలో నీరుంటే వెన్నెముక గీత పైదాకా కొనసాగుతుంది. నాకైతే కొత్తవాళ్లకి ఇంతకంటే నమ్మకమైన గుర్తు లేదనిపిస్తుంది. డెంగ్యూలో ఎక్కువగా కుడి వైపే ముందు కనపడుతుంది కాబట్టి అక్కడే చెయ్యి కుదరనివ్వండి.

డెంగ్యూలో గాల్ బ్లాడర్ (పిత్తాశయం) గోడ కూడా మందమవుతుంది, 3 మిల్లీమీటర్లు దాటితే మందం అన్నట్టే, కానీ భోజనం చేశాక చూస్తే మామూలు మనిషికీ అలాగే ఉంటుంది, లివర్ జబ్బులోనూ ఉంటుంది, ఈ ఒక్కటీ చూసి డెంగ్యూ అని రాయొద్దని గట్టిగా చెప్పండి.

"సార్, కిడ్నీ దొరకట్లేదు" అనగానే ప్రోబ్ లాక్కోకండి, మీ చేతులు వెనక్కి కట్టుకుని "కొంచెం వీపు వైపు తిప్పండి, ఇప్పుడు ఊపిరి గట్టిగా పీల్చి ఆపమనండి" అని నోటితోనే దారి చెప్పండి. మనం చేసి చూపిస్తే వాళ్ల చెయ్యికి ఏమీ రాదు. ముందు ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మీద, తర్వాత నీరు ఉందని ముందే తెలిసిన, ఒప్పుకున్న పేషెంట్ల మీద చేయించండి.

నీరు కనపడలేదంటే లేదని కాదు, కొద్దిగా ఉంటే తప్పిపోతుంది, కాబట్టి హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం), బీపీ, మూత్రం చూడటం ఆపకూడదు, కొన్ని గంటలాగి మళ్లీ స్కాన్ చెయ్యాలి.

ట్రైనింగ్ రోజుతో వదిలేస్తే ఆ మిషన్ బీరువాలోకి పోతుంది. పేషెంట్ పేరు, వయసు తీసేసిన స్కాన్ వీడియో క్లిప్పులు పంపమనండి, ఆ సాయంత్రమే జవాబివ్వండి. అమెరికా ఎమర్జెన్సీ డాక్టర్ల కాలేజీ ఏసీఈపీ ఒక్కో రకం స్కాన్‌కి 25 నుంచి 50 దాకా రివ్యూ అయిన కేసులు చేసి ఉండాలంటుంది, మనం కూడా అన్ని అయ్యేదాకా క్లిప్పులు చూస్తూనే ఉండాలి.