సాయంత్రానికి డేటాబేస్ నెమ్మదిస్తోందా? ర్యామ్ కొనే ముందు ఇది చూడండి

సమస్య: బిల్లింగు, స్టాకు, రిపోర్టులు అన్నీ ఒకే పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్ సాఫ్ట్‌వేర్) సర్వర్ మీద నడుస్తున్నాయి. పొద్దున్న బాగానే ఉంటుంది. సాయంత్రమయ్యేసరికి బిల్లు తెరుచుకోవడానికే అరనిమిషం పడుతుంది. రీస్టార్ట్ చేస్తే సర్దుకుంటుంది, రెండు రోజులకు మళ్లీ అదే.

ఇలాంటి ఫోన్ వచ్చినప్పుడల్లా నేను అడిగేది ఒక్కటే: పీజీ_స్టాట్_యాక్టివిటీ (ఏ కనెక్షన్ ఏం చేస్తోందో చూపే పట్టిక) చూశారా? చాలామంది చూడకుండానే ర్యామ్‌కి డబ్బు పెట్టేస్తారు. దయచేసి అలా చేయకండి.

కారణం: పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి సర్వర్ కోసం శ్రీకాకుళం నుంచి రెండుసార్లు వెళ్లాను. స్టాకు టేబుల్‌లో ఉన్నవి నాలుగు వేల వరుసలే. ఇండెక్సులు, డిస్కు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. రెండో రోజు రాత్రికి గానీ ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ (ట్రాన్సాక్షన్ అనే పని విడత మొదలుపెట్టి, ముగించకుండా ఖాళీగా ఉండటం) అని ఉన్న ఒక సెషన్ (కనెక్షన్) నా కంట పడలేదు. పొద్దున్న పదింటి నుంచీ తెరిచే ఉంది, గోడౌన్ కంప్యూటర్‌ది. స్టాకు ఫారం తెరవగానే ఆ ప్రోగ్రామ్ లాగ్ టేబుల్‌లో ఒక వరుస రాసి, సేవ్ నొక్కేదాకా కమిట్ చేయకుండా (ఆ మార్పును ఖాయం చేయకుండా) ఆగుతుంది. తెరిచిన కుర్రాడు జీడిపిక్కల బస్తాలు తూయించడానికి వెళ్లిపోయాడు.

పోస్ట్‌గ్రెస్‌లో వరుసను అప్‌డేట్ చేస్తే పాతది అక్కడే ఉండిపోతుంది, కొత్తది వేరుగా చేరుతుంది. పాతవాటిని ఆటోవాక్యూమ్ (తనంతట తానే నడిచే శుభ్రత పని) ఊడుస్తుంది. కానీ ఆ ట్రాన్సాక్షన్ మొదలైన తర్వాత పాతబడిన వరుసలు దానికి ఇంకా అవసరం కావచ్చని ముట్టుకోదు. అది తాకింది లాగ్ టేబుల్‌నే అయినా, ఆ డేటాబేస్‌లోని స్టాకు టేబుల్‌లో కూడా చెత్త పేరుకుపోతుంది, దాన్నంతా దాటుకుంటూ వెతకాలి కాబట్టి పని నెమ్మదిస్తుంది. రీస్టార్ట్ చేస్తే సెషన్ తెగుతుంది కాబట్టి బాగుపడినట్టు అనిపిస్తుంది. ఒకే సర్వర్ అయితే లెక్కలన్నీ ఒకచోట సరిపోతాయి, బ్యాకప్ తేలిక. చిన్న వ్యాపారాలకు ఇప్పటికీ నేను చెప్పేది అదే. అయితే గోడౌన్‌లో వదిలేసిన ఫారం కౌంటర్ దగ్గర బిల్లును ఆపగలదని గుర్తుంచుకోవాలి.

పరిష్కారం: పీజీ_స్టాట్_యాక్టివిటీని ఎక్స్‌యాక్ట్_స్టార్ట్ (ట్రాన్సాక్షన్ మొదలైన సమయం) ప్రకారం పేర్చి, పాత సెషన్ ఎవరిదో చూడండి. ముందు ఆ మనిషికి ఫోన్ చేసి సేవ్ చేయించండి, దొరక్కపోతే పీజీ_టెర్మినేట్_బ్యాకెండ్‌తో తెంపండి. తర్వాత వాక్యూమ్ (అదే ఊడ్చే పని, చేత్తో) నడపండి. ఫైలు సైజు పెద్దగా తగ్గకపోయినా కంగారు పడకండి, ఆ ఖాళీని మళ్లీ వాడుకుంటుంది. టేబుల్‌ని మొత్తం తిరగరాసి ఫైలును చిన్నది చేసే వాక్యూమ్ ఫుల్ మాత్రం షాపు మూశాకే, ఎందుకంటే అది నడిచినంతసేపూ ఆ టేబుల్‌ని చదవడం కూడా కుదరదు.

9.6 వెర్షన్ నుంచి ఐడిల్_ఇన్_ట్రాన్సాక్షన్_సెషన్_టైమౌట్ అనే సెట్టింగు ఉంది, ట్రాన్సాక్షన్ మధ్యలో అంతసేపు ఖాళీగా ఉన్న సెషన్‌ను తెంపేస్తుంది. మామూలుగా అది 0, అంటే పనిచేయదు. 5 నిమిషాలు పెట్టండి. అసలు మందు ప్రోగ్రామ్‌లోనే ఉంది: టైపు చేయడం పూర్తయ్యాకే ట్రాన్సాక్షన్ మొదలవ్వాలి.

గంటల తరబడి నడిచే నెలవారీ రిపోర్టు కూడా ఇదే పని చేస్తుంది, పైగా ఈ టైమౌట్ దాన్ని ఆపదు. రాత్రికి మార్చండి. రెప్లికా (మెయిన్ సర్వర్‌కి నకలు సర్వర్) మీదకు మార్చినా, హాట్_స్టాండ్‌బై_ఫీడ్‌బ్యాక్ (నకలు తనకు ఏ పాత వరుసలు కావాలో మెయిన్‌కి చెప్పే సెట్టింగు) ఆన్‌లో ఉంటే చెత్త మెయిన్ సర్వర్‌లోనే పేరుకుంటుంది.

మరిచిపోయిన రెప్లికేషన్ స్లాట్ (నకలు సర్వర్ కోసం మెయిన్ పెట్టుకునే గుర్తు), ప్రిపేర్డ్ ట్రాన్సాక్షన్ (సిద్ధం చేసి ముగించకుండా వదిలేసినది) లాంటివి కూడా ఇలాగే చెత్తను ఆపుతాయి, కానీ అరుదు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.